వేలిముద్ర

గేటు దగ్గర యంత్రం
ఆమెను గుర్తుపట్టడం మానేసింది.
అందుకే వచ్చింది నా దగ్గరికి,
నొప్పి వల్ల కాదు.
నొప్పితో పద్దెనిమిదేళ్లుగా
ఒకే గదిలో అద్దెకున్నట్టు ఉంటోంది దెయొలిందా.

మతొజీన్యూష్ రేవులో సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ.
తల తుంచడం, పేగు లాగడం,
ఉప్పునీళ్ల తొట్టిలో ముంచడం.
ఒక్కో చేపకి రెండు క్షణాలు.
చెయ్యి తిరిగిన మనిషి అనేవాళ్లు.
ఇప్పుడా చెయ్యే ఆమె మీద తిరగబడింది.

బల్ల మీద పెట్టమంటే
ఎవరిదో ఎంగిలి పళ్లెం దాచినట్టు
కోటు కిందికి లాక్కుంది.
మెటికల మీద, మడతల్లో చిట్లిన
పాత ఆయిల్‌క్లాత్ లాంటి తోలు.
వేళ్ల సందుల్లో పచ్చి ఎరుపు.
బొటనవేలు నున్నగా,
ఒక్క గీతైనా లేకుండా, అరిగిన నాణెం.
"పొలుసులు ఒలిచీ ఒలిచీ
నాకే పొలుసులొచ్చాయి"
తనే అంది, తనే నవ్వింది.
నవ్వితే పెదవి బాగానే ఉంది,
చెయ్యి మాత్రం చిట్లింది.

అంటుకుంటుందా అని అడిగింది.
అంటుకోదన్నాను.
"బస్సులో నా పక్క సీటు వాళ్లకి
ఈ మాట మీరొచ్చి చెప్తారా?"

డాక్టర్ లౌరెన్సు చీటీ మీద రాశాడు:
నీళ్లకి దూరంగా ఉండాలి.
కిటికీలోంచి అట్లాంటిక్ కనబడుతోంది.
ఆమె చీటీని చూసింది, సముద్రాన్ని చూసింది,
ఏమీ అనలేదు.

మిగతాది నేను చెప్పాను, నర్సుని కదా.
గోరువెచ్చని నీళ్లే. వాసన సబ్బులొద్దు.
రుద్దకు, అద్దు.
తడి ఆరకముందే దట్టంగా వాజలీను.
రాత్రికి స్టెరాయిడ్ మందు,
చూపుడువేలి చివరి కణుపంత పిండితే
రెండు అరచేతులంత మేరకి చాలు,
ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు.
పైన నూలు తొడుగులు.
పనిలో రబ్బరు తొడుగు కింద కూడా నూలువే,
తడిస్తే మార్చెయ్యి,
లోపలి చెమట కూడా ఉప్పునీళ్లే.

పని మానెయ్యగలవా అన్నాను.
"వాళ్ల ఉప్పు తిన్నాను, ఎలా పోను?"
నువ్వు తిన్నది చిటికెడు,
అది నిన్ను తిన్నది లెక్కేసుకో అన్నాను.
నోరు జారినందుకు
ఆ పూటంతా బాధపడ్డాను.

సెలవు పెట్టింది.
నాలుగో వారానికి ఎరుపు తగ్గింది.
అయిదో వారం మళ్లీ మొదటికొచ్చింది.
వంటింటి గోడ పలకలు బ్లీచుతో కడిగిందట.
చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు లోకంలో,
ఈవిడ ఆకులు పట్టుకునే
మళ్లీ పొయ్యిలో పెట్టింది.
కోప్పడబోయాను.
"ఖాళీగా కూర్చుంటే ఇవి నావి కానట్టున్నాయి" అంది
తెల్ల తొడుగుల్లో చేతులు ఒళ్లో పెట్టుకుని,
ఎవరో పసిబిడ్డల్ని అప్పగించి వెళ్లినట్టు.

మళ్లీ మొదలు. మళ్లీ కణుపంత మందు.
దీని వైద్యంలో వీరత్వం ఏమీ లేదు,
ఒకే పని, ఒకే చెయ్యి, రోజూ.
ఆమె తొట్టి దగ్గర చేసిందీ అదే.

పన్నెండో వారం
బొటనవేలి మీద సుడి కనబడింది,
ముందు సగం, తర్వాత పూర్తిగా,
అడుగు నుంచి ఎవరో మెల్లగా పైకి గీస్తున్నట్టు.
నా కిటికీ అద్దం మీద నొక్కి చూసుకుంది.
"ఇదిగో నేను."

సోమవారం పొద్దున్నే ఫోను.
యంత్రం పచ్చగా వెలిగిందట!
వెనక లైనులో ఇడలీనా చప్పట్లు కొట్టిందట.
మూతల సెక్షన్‌కి మార్చమని
మేం పెట్టిన అర్జీ ఏమైందన్నాను.
అక్కడ పొడి పనే, జీతం నలభై యూరోలు తక్కువ.
"చూస్తామన్నారు" అంది.
గొంతు వెనకాల నీళ్లు పోస్తున్న చప్పుడు.

అద్దం మీది ముద్రకి అవతల
ఓ పడవ రేవులోకొస్తోంది.
రిజిస్టరు తెరిచాను.
ఆమె పేరెదురుగా ఆఖరి గడిలో
నయమైంది అని రాయాలి.
పెన్సిల్‌తో రాశాను.